కాలిన రీళ్లలో కాశీ వెలుతురు

అమెరికాలోని బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల దుకాణాల్లో ఏటా జులైలోనూ నవంబరులోనూ క్రైటీరియన్ సంస్థ సినిమా డిస్కులు సగం ధరకు పెడతారు. సినిమాలు కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే అలవాటు ఇంకా వదలనివాళ్లు ఆ రెండు నెలల కోసం కాచుకుని ఉంటారు. నేనూ ఆ బాపతే. ఈ జులైలో తెచ్చుకున్న సంచిలో జపాను ఉంది, ఫ్రాన్సు ఉంది, బెంగాలు ఉంది. న్యూజెర్సీలోనూ డాలస్‌లోనూ ఉన్న మిత్రులు "ఏం కొన్నావు? మేం ఏం కొనాలి?" అని అడుగుతున్నారు. అందరికీ చాంతాడంత జాబితా పంపేకంటే ఒక్క పెట్టె గురించి తీరిగ్గా చెప్పి, దాని పక్కన పెట్టుకోదగ్గ మరో రెండు సినిమాల పేర్లు చెప్పడం మేలనిపించింది. ఆ పెట్టె సత్యజిత్ రాయ్ తీసిన అపూ చిత్రత్రయం: 'పథేర్ పాంచాలి' (1955), 'అపరాజితో' (1956), 'అపూర్ సంసార్' (1959).

"అవి ఎప్పుడో చూశాంగా" అంటారని తెలుసు. నా తరంలో చాలామంది వీటిని దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ భాషా చిత్రాల్లో చూసినవాళ్లే. గీతలు పడి, అంచులు వెలిసిపోయి, ధ్వని బొంగురుపోయిన ప్రింటు అది. కథ అర్థమైంది, కథానాయకుడు అపూ అక్క దుర్గ చచ్చిపోతే ఏడుపొచ్చింది, గొప్ప సినిమా అని ఒప్పుకున్నాం. కాని ఆ గొప్పతనం ఎక్కడుందో చూసే వీలు ఆ ప్రింటు మనకు ఇవ్వలేదు. వెలుతురుతో చేసిన పనంతా బూడిదరంగు మసకలో కలిసిపోయింది. ఈ డిస్కు ఆ మసకను తీసేసింది. అందుకే దీన్ని కొనమంటున్నాను. ఇందులో రెండు తరాల పనివాళ్లున్నారు. ఒకరు 1950లలో ఈ సినిమాలు తీసిన బెంగాలీ బృందం, రెండోవాళ్లు అరవై ఏళ్ల తరవాత వాటిని మంటల్లోంచి వెనక్కి తెచ్చిన ఇటలీ, అమెరికా సాంకేతిక నిపుణులు. చేసిన పని కనిపించాలి గాని చేసిన చెయ్యి కనిపించకూడదన్న పట్టుదల ఇద్దరిదీ.

ముందు మొదటివాళ్ల సంగతి. 1952 అక్టోబరులో 'పథేర్ పాంచాలి' షూటింగు మొదలుపెట్టేనాటికి రాయ్ కలకత్తాలో డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో చిత్రకారుడు. అంతకుముందు ఒక్క సినిమాకూ దర్శకత్వం చేసినవారు కాదు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా ఇరవై రెండేళ్లవాడు. ఫొటోలు తీయడమే గాని సినిమా కెమెరా ముట్టి ఎరగడు. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వా కలకత్తా వచ్చి 'ద రివర్' తీస్తున్నప్పుడు పక్కన నిలబడి, ఏ దీపం ఎక్కడ పెట్టారో కాగితం మీద గీసుకుంటూ నేర్చుకున్నవాడు. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త కూడా ఆ సినిమాకు పనిచేసినవాడే. 'వనవాసి' ద్వారా తెలుగు పాఠకులకు దగ్గరైన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవలను, కలకత్తా శివార్లలోని బోడాల్ అనే పల్లెలో, ఈ కొత్త చేతులు తెరకెక్కించాయి. డబ్బు అయిపోయినప్పుడల్లా ఆగుతూ, రాయ్ బీమా పాలసీ, ఆయన భార్య నగలు కుదువపెడుతూ, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సాయంతో గట్టెక్కారు.

ఆ మొదటి రోజు తీసినది రెల్లుపూల పొలం దృశ్యం. అపూ, దుర్గ తెల్లటి రెల్లుదుబ్బుల్లోంచి నడిచి వెళ్లి మొదటిసారి రైలును చూసే ఘట్టం. మరుసటి ఆదివారం మిగతాది తీద్దామని వెళితే రెల్లు లేదు, పశువులు మేసేశాయి. మళ్లీ పూత వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఆ దృశ్యంలో కొన్ని షాట్లకూ మరికొన్నిటికీ నడుమ నెలల తేడా ఉంది. డిస్కు ఆపి ఆపి చూడండి, అతుకు ఎక్కడుందో పట్టుకోలేరు. పిల్లలు టెలిగ్రాఫు స్తంభం హోరు వింటారు, రెల్లు గాలికి ఒరుగుతుంది, దూరాన పొగ కనిపిస్తుంది. ఎదుగుతున్న పిల్లలతో ఇన్నాళ్ల విరామం పెట్టుకుని ఒక్క పూటలో జరిగినట్టు అనిపించడం చిన్న సంగతి కాదు. షాటు నిడివినీ పిల్లల నడక వేగాన్నీ ముందే లెక్కకట్టుకున్న దర్శకుడికీ, ఎక్కడ కోయాలో తెలిసిన ఎడిటర్ దులాల్ దత్తాకూ ఆ ఘనత దక్కుతుంది.

మిఠాయివాడి దృశ్యం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. చినిబాస్ అనే మిఠాయివాడు కావడి భుజాన వేసుకుని ఊళ్లోంచి పోతుంటాడు. కొనుక్కునే డబ్బు లేకపోయినా దుర్గ అతని వెంట పడుతుంది, ఆమె వెనక అపూ, అపూ వెనక వీధికుక్క. ఈ ఊరేగింపంతా చెరువు నీళ్లలో నీడలుగా సాగుతుంది. పాత ప్రింటులో నీళ్లు నల్లటి మరకలా ఉండేవి. ఇప్పుడు నీటి మీది చిన్న అలలు, వాటి మీద కావడి ఊపు, కుక్క కాళ్ల పరుగు విడివిడిగా తెలుస్తాయి. లేనితనాన్ని ఒక్క మాట లేకుండా, జాలి అడగకుండా, నవ్వు తెప్పిస్తూ చూపించిన దృశ్యం అది. ఈ సినిమాకు రవిశంకర్ సంగీతం ఇచ్చారు. కచేరీల మధ్య దొరికిన కొద్ది వ్యవధిలో, రాత్రంతా కూర్చుని ఒక్క బైఠకులోనే సంగీతమంతా దాదాపుగా రికార్డు చేయించారు. మిగిలిన కొన్ని చోట్ల సితార్ వాయించినవాడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రానే. బొమ్మ తీసినవాడే దానికి తీగ కూడా మీటాడన్నమాట.

సంగీతంలో ఇంకో చోటు చూడండి. ఊరు వదిలి సంపాదనకు పోయిన తండ్రి హరిహర్ తిరిగొస్తాడు. కూతురు చనిపోయిన సంగతి అతనికి తెలియదు. మూటలోంచి ఒక్కొక్కటే తీసి చూపిస్తూ దుర్గ కోసం తెచ్చిన చీర భార్య చేతిలో పెడతాడు. సర్వజయగా వేసిన కరుణా బెనర్జీ అంతవరకు బిగబట్టుకున్నది ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఆమె నోరు తెరుచుకుంటుంది గాని ఏడుపు మనకు వినిపించదు. ఆ చోట దక్షిణామోహన్ ఠాగూర్ వాయించిన తార్ షెహనాయి పైస్థాయిలో అందుకుంటుంది. నటి గొంతును తీసేసి వాద్యాన్ని పెట్టడం ఎంత సాహసమో ఆలోచించండి. గుండెలు బాదుకునే ఏడుపులు మన సినిమాల్లో కొల్లలుగా విన్నాం. వాటికి అలవాటుపడిన చెవికి ఈ ప్రత్యామ్నాయం కొత్తగా, భరించలేనంత దగ్గరగా తగులుతుంది. పాత ధ్వనిముద్రణలో ఇక్కడ గరగర తప్ప ఏదీ సరిగ్గా వినపడేది కాదు. శుభ్రపరచిన ధ్వనిలో కమాను తీగ మీద ఒరుసుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది.

రెండో సినిమా 'అపరాజితో' దగ్గరికి వచ్చేసరికి బృందం చెయ్యి తిరిగింది. కాశీలో హరిహర్ కుటుంబం ఉండే ఇల్లు గుర్తుందా? చుట్టూ గదులు, మధ్యలో మండువా, పైన తెరిచిన ఆకాశం. ఆ ఇంట్లోకి ఎండ నేరుగా రాదు. పైనుంచి జారి గోడల మీద పడి, పలచబడి, నీడలు లేకుండా గదుల్లోకి పాకుతుంది. కాశీ ఇరుకు సందుల్లో పాత ఇళ్లు చూసినవాళ్లకు ఆ వెలుతురు తెలుసు. నిజానికి ఆ ఇల్లు కాశీలో లేదు. వర్షాకాలం షూటింగును చెడగొడుతుందన్న భయంతో కలకత్తా స్టూడియోలో బన్సీ చంద్రగుప్త కట్టిన సెట్టు అది. ఆకాశం నుంచి దిగే నీడలేని వెలుతురును స్టూడియో దీపాలతో తేలేమని సుబ్రత మిత్రా మొదట అడ్డు చెప్పాడు. దర్శకుడూ కళాదర్శకుడూ సెట్టే వేద్దామన్నారు. ఇక దారి వెతుక్కోవాల్సింది అతనే.

అప్పట్లో స్టూడియో పద్ధతి ఏమిటంటే దీపాల్ని నటుల మీదికి సూటిగా కొట్టడం. ఒక్కో మనిషికి రెండు మూడు నీడలు పడేవి. ముఖాలు మెరిసేవి, గోడలు అట్టలా కనిపించేవి. మిత్రా సెట్టు పైన, ఆకాశం ఉండాల్సిన చోట, తెల్లటి గుడ్డ పరిపించాడు. దీపాలను కింద పెట్టి వాటి ముఖం పైకి తిప్పాడు. కాంతి గుడ్డకు తగిలి తిరిగి కిందికి దిగింది. దిగిన కాంతికి దిక్కు లేదు, అంచు లేదు. అంటే ఆకాశం చేసే పనే గుడ్డ చేసింది. తరవాతి కాలంలో బౌన్స్ లైటింగ్ అని అందరూ వాడుకున్న ఈ పద్ధతిని, ఒక సెట్టు తెచ్చిపెట్టిన ఇబ్బందికి విరుగుడుగా ఇరవయ్యారేళ్లు నిండని కుర్రవాడు తనకు తానే పట్టుకున్నాడు. గొప్ప పనితనం చాలాసార్లు ఇలాగే పుడుతుంది. ఇల్లు కాశీలో ఉందని ప్రేక్షకుడు నమ్మితీరాలి, స్టూడియోలో దీపాలేమో ఎదురుగా ఉన్నాయి. ఈ రెండిటి మధ్య బిగుసుకున్నప్పుడే గుడ్డ పరచాలన్న ఊహ వచ్చింది.

డిస్కులో ఈ దృశ్యాల దగ్గర ఆగి చూడమని నా మనవి. మెట్ల కింద గోడ వెల్ల పెళ్లలుగా లేచిన చోట, సర్వజయ పొయ్యి దగ్గర కూర్చున్న చోట, జ్వరంతో పడుకున్న హరిహర్ ముఖం మీద వెలుతురు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వెతకండి. దొరకదు. హరిహర్ ప్రాణం పోయే క్షణంలో దృశ్యం గదిలోంచి ఒక్కసారిగా ఘాట్ల పైకి దూకుతుంది, పావురాల గుంపు రెక్కలు కొట్టుకుంటూ ఆకాశంలోకి లేస్తుంది. అంతదాకా మూసిన గదిలో పరుచుకున్న మెత్తటి వెలుతురుకు అలవాటుపడ్డ కంటికి ఆ బట్టబయలు ఆకాశం చెంపదెబ్బలా తగులుతుంది. ఆ మెత్తదనాన్ని అంత ఓపిగ్గా కట్టకపోయి ఉంటే ఈ దెబ్బకు బలం ఉండేది కాదు.

అదే సినిమా చివర, కలకత్తాలో చదువుకుంటున్న కొడుకు కోసం పల్లెలో ఎదురుచూస్తూ క్షీణించిపోతున్న తల్లి చీకట్లో కూర్చుంటుంది. చెరువు మీద మిణుగురులు ఆడుతుంటాయి. నిజం మిణుగురుల వెలుగు ఆనాటి ఫిల్ము మీద పడేటంత బలమైనది కాదు. నల్ల చొక్కాలు, నల్ల పంట్లాలు తొడుక్కున్న సహాయకులు చిన్న బల్బులు చేత పట్టుకుని చీకట్లో కదులుతూ వెలిగించి ఆర్పారు. ఈ సంగతి తెలిసి చూసినా ఆ చీకట్లో మనుషుల్ని పట్టుకోలేం, మిణుగురులే కనిపిస్తాయి.

మూడోది 'అపూర్ సంసార్'. సౌమిత్ర ఛటర్జీకీ షర్మిలా ఠాగూర్‌కీ ఇదే మొదటి సినిమా. అనుకోకుండా పెళ్లైపోయిన ఇద్దరు మనుషులు ఒక ఇరుకు గదిలో దంపతులయ్యే ఘట్టం ప్రపంచ సినిమాలో ఉన్న మేలైన సంసార చిత్రణల్లో ఒకటి. అందులో ఆలింగనం లేదు, పాట లేదు. కొత్త పెళ్లికూతురు అపర్ణ ఆ గదికి వచ్చిన రోజు చిరిగిన కర్టెన్ చిల్లులోంచి బయటికి చూసి కన్నీళ్లు తుడుచుకుంటుంది. తరవాత ఒక ఉదయం నిద్ర లేచి కదలబోతే చీర కొంగు భర్త పంచెకు ముడిపడి ఉంటుంది. అపూ దిండు పక్కన ఒక జడపిన్ను దొరుకుతుంది. సిగరెట్ పెట్టె తెరిస్తే లోపల భార్య రాసి పెట్టిన చీటీ, ఇచ్చిన మాట గుర్తుచేస్తూ. కర్టెన్, కొంగు, పిన్ను, చీటీ. ఈ నాలుగు వస్తువులతో నెలలు గడిచాయనీ, ఇద్దరి మధ్య చనువు పెరిగిందనీ మనకు తెలిసిపోతుంది. ఇద్దరూ సినిమాహాల్లో కూర్చుని తెర చూస్తుంటే ఆ తెర చట్రమే మెల్లగా గుర్రబ్బండి వెనక కిటికీ అయిపోతుంది. బండిలో ఇంటికి పోతున్నారు. అగ్గిపుల్ల గీసిన వెలుగులో ఆమె ముఖం మెరుస్తుంది. కళ్లలో ఏముందని అతను అడుగుతాడు, కాజల్, అంటే కాటుక, అంటుంది ఆమె. ఆ పేరే తరవాత వాళ్ల కొడుక్కు పెడతారు. ఎంత గొప్ప సంభాషణ రచయితకైనా ఇంతకు మించి రాయడానికి మిగలదు.

ఇప్పుడు రెండో తరం పనివాళ్ల దగ్గరికి వస్తాను. 1992లో రాయ్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆయన ఆసుపత్రి మంచం మీదే అందుకున్నారు, నెల తిరక్కుండానే కన్నుమూశారు. ఆ సందర్భానికి అకాడమీ ఆయన సినిమాల నుంచి ముక్కలు చూపిద్దామంటే మంచి ప్రింట్లు దొరకలేదు. అందుకని ఒరిజినల్ నెగటివ్‌లను బాగుచేయించాలన్న ఆలోచనతో కొన్నిటిని లండన్‌లోని హెండర్సన్స్ లాబొరేటరీకి చేర్చారు. 1993 జులైలో ఆ లాబొరేటరీలో నైట్రేట్ ఫిల్ము అంటుకుని పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మంటలు ఫిల్ము గోదాముల్లోకి పాకాయి. బ్రిటిష్ సినిమా నెగటివ్‌లు ఎన్నో పోయాయి, వాటితోపాటు అపూ చిత్రాల నెగటివ్‌లూ కాలాయి. రాయ్ సినిమాలవని గుర్తుపట్టగలిగిన డబ్బాలు, తునకలు, బూడిద అన్నీ ఏరి అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్‌కు పంపారు. వాటి నుంచి ప్రింటు తీసే సాంకేతికత అప్పుడు లేదు. అయినా పారేయకుండా భద్రపరిచారు. మొత్తం కథలో అందరూ దాటవేసే ఈ నిర్ణయమే, నా లెక్కలో, అన్నిటికంటే విలువైనది.

ఇరవై ఏళ్లు అలాగే ఉన్నాయి. 2013లో క్రైటీరియన్ సంస్థ అకాడమీతో కలిసి ఆ డబ్బాలు తెరిచింది. కొన్ని భాగాలు పూర్తిగా మసైపోయాయి. మిగిలినవి ఎండి, వంకర తిరిగి, ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. ఇలాంటి సరుకును మామూలు లాబొరేటరీ ఏదీ ముట్టదు. ఇటలీలోని బొలోన్యా నగరంలో ఉన్న లిమాజినే రిత్రోవాతా అనే పునరుద్ధరణ కేంద్రం ఒప్పుకుంది. వాళ్లు ఆ ఫిల్మును గ్లిసరాల్, అసిటోన్, నీళ్లు కలిపిన ద్రావణంతో తడిపి, పోయిన మెత్తదనాన్ని కొంతైనా తిరిగి తెచ్చారు. ఫిల్ము అంచుల్లో పళ్లచక్రాలు పట్టుకునే చిల్లులుంటాయి. వేడికి చెడిపోయిన ఆ చిల్లుల్ని చేత్తో తిరిగి కట్టారు. కరిగి అంటుకుపోయిన టేపును, జిగురును గీకి తీశారు. దాదాపు వెయ్యి గంటలు చేతిపనే. తరవాత పళ్లచక్రాలతో లాగకుండా ఫిల్మును నెమ్మదిగా జరిపే స్కానర్ మీద 4కే స్పష్టతతో ఫ్రేము ఫ్రేముగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు.

అంతా చేసినా మొత్తం దొరకలేదు. 'పథేర్ పాంచాలి'లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా కాలిన ఒరిజినల్ నెగటివ్ నుంచే తీశారు. 'అపూర్ సంసార్' రీళ్లు రెండే మిగిలాయి, అవీ వాడే స్థితిలో లేవు. మిగతా భాగాలకు అమెరికాలోని జేనస్ ఫిల్మ్స్, హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్, అకాడమీ, బ్రిటన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (బి.ఎఫ్.ఐ.) భద్రపరిచిన ఫైన్ గ్రెయిన్ మాస్టర్లు, నకలు నెగటివ్‌లు ఆదుకున్నాయి. వాటిలో ఏ షాటు ఎక్కడ బాగుందో వెతికి ఖాళీలు నింపారు. డిజిటల్ శుభ్రత పని నెలల తరబడి సాగింది. 2015 మేలో 'పథేర్ పాంచాలి' న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో కొత్తగా వెలిగింది. 1955 మేలో ప్రపంచం ఆ సినిమాను మొదటిసారి చూసింది కూడా అక్కడే.

పాత పట్టుచీరకు చిరుగు పడితే రఫూ చేసేవాడి దగ్గరికి తీసుకెళతాం. అతను అదే చీర దారం పీకి, అదే నేత పట్టి, చిరుగు ఉండేదని తెలియకుండా అల్లుతాడు. కొత్త జరీ కుట్టి మెరిపించడు. బొలోన్యా పనివాళ్లు చేసింది సరిగ్గా అదే. ఫిల్ముకు సహజంగా ఉండే రేణువుల్ని వాళ్లు నున్నగా తుడిచేయలేదు. ముఖాలకు మైనపు మెరుపు పూయలేదు. నలుపును కాటుకలా బిగించి, తెలుపును పాలలా పొంగించే ఈనాటి అలవాటుకు లొంగలేదు. మిత్రా గుడ్డ పరిచి తెచ్చిన బూడిదరంగు మెట్లు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉంచారు. అందుకే 'పథేర్ పాంచాలి'లో ముసలి ఇందిర్ ఠాక్రూన్‌గా వేసిన ఎనభై ఏళ్ల చునీబాలా దేవి బోసినోటి నవ్వులో ముడతల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలం. నిజాయితీగా ఒక సంగతి చెప్పాలి. నకలు నుంచి తీసిన చోట్ల బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, 'అపూర్ సంసార్' మొత్తం మిగతా రెండిటంత పదునుగా ఉండదు. తరం మారిన నకలులో లేని వివరాన్ని కల్పించకుండా ఉన్నదే చూపించారు గనక నాకది లోపంగా కాక మర్యాదగా తోచింది.

పెట్టెలో మూడు సినిమాలకు మూడు డిస్కులు. అదనంగా ఉన్నవాటిలో నాలుగు తప్పక చూడండి. పునరుద్ధరణ ఎలా జరిగిందో దర్శకుడు కొగొనాడా చేసిన చిన్న చిత్రాలు ముందు పెట్టుకోండి. కాలిన రీళ్ల మీద చేతులు ఆడటం చూశాక సినిమా చూసే తీరే మారుతుంది. తరవాత సౌమిత్ర ఛటర్జీ, షర్మిలా ఠాగూర్‌ల ఇంటర్వ్యూలు. రాయ్ జీవితచరిత్రకారుడు ఆండ్రూ రాబిన్‌సన్ చేసిన విశ్లేషణ మూడోది. 1958లో రికార్డు చేసిన రాయ్ గొంతు నాలుగోది. ఆ మంద్ర గంభీర స్వరంలో తన మొదటి సినిమా కష్టాలు చెబుతుంటే గొప్పలు లేవు, గోడు లేదు, పని గురించిన మాటలే ఉన్నాయి.

ఈ పెట్టె పక్కన పెట్టుకోదగ్గవి రెండు. మొదటిది 'చారులత' (1964), రవీంద్రుడి 'నష్టనీడ్' ఆధారం. మొదటి కొన్ని నిమిషాలు దాదాపు మాటలే లేవు. మాధవీ ముఖర్జీ చేతి దుర్భిణి పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి నడుస్తూ వీధిలో పోయేవాళ్లను చూస్తుంది. కట్టుకున్నవాడు పక్క నుంచే నడిచిపోతూ ఆమెను గమనించడు. ఆమె ఆ అద్దాలు కళ్ల దగ్గర పెట్టుకుని అతన్నీ చూస్తుంది. పెళ్లిలోని దూరమంతా అక్కడే తెలిసిపోతుంది. ఉయ్యాల దృశ్యంలో కెమెరా ఆమెతోపాటే ఊగుతుంది, సినిమా చివర భార్యాభర్తల చేతులు కలవబోయే చోట బొమ్మ గడ్డకడుతుంది. రెండోది 'జల్సాఘర్' (1958). చితికిపోయిన జమీందారుగా ఛబీ విశ్వాస్, సంగీతం విలాయత్ ఖాన్, పాడే సన్నివేశంలో బేగం అఖ్తర్, నాట్యంలో రోషన్ కుమారి. ఊగే షాండిలియర్ ఒక్కటీ ఆ జమీందారు గతాన్నీ భవిష్యత్తునూ మోస్తుంది. సంగీతం మీద మమకారం ఉన్నవాళ్లు అపూ పెట్టె కంటే ముందు దీన్నే కొనుక్కున్నా తప్పులేదు.

కొనేముందు ఒక జాగ్రత్త. బ్లూ-రే డిస్కులకు ప్రాంతాల కట్టుబాటు ఉంటుంది. అమెరికా 'ఎ' ప్రాంతం, ఐరోపా 'బి', భారతదేశం 'సి'. క్రైటీరియన్ అమెరికా డిస్కులు 'ఎ' ప్రాంతపు ప్లేయర్లకు చేసినవి. ఇక్కడ కొని హైదరాబాదుకో విజయవాడకో అమ్మానాన్నలకు పంపుదామనుకునేవాళ్లు అక్కడి ప్లేయర్ అన్ని ప్రాంతాలవీ ఆడించేదో కాదో ముందు కనుక్కోండి. 4కే డిస్కులకు ఈ గొడవ లేదు, ఈ చిత్రత్రయం ఆ రూపంలోనూ వచ్చింది. చూసే వరస గురించి అడిగితే, మూడూ ఒకే వారాంతంలో చూడొద్దు. 'పథేర్ పాంచాలి' చూశాక కొన్నాళ్లు ఆగండి. అపూ పెరగడానికి సినిమా తీసుకున్న కాలంలో కొంతైనా మీరూ ఇవ్వాలి.

ఇవన్నీ చూస్తుంటే మన సినిమాల మీదికి మనసు పోకుండా ఉండదు. 'అపరాజితో' వచ్చిన మరుసటి ఏడాదే 'మాయాబజార్' వచ్చింది. మార్కస్ బార్‌ట్లీ ఆ సినిమాలో పడవ పాటకు పరిచిన వెన్నెల, కాశీ మండువాలో మిత్రా దింపిన వెలుతురుకు ఏ విధంగానూ తీసిపోదు. ఇద్దరూ ఉన్న దీపాలతో లేని ఆకాశాన్ని సృష్టించినవాళ్లే. 2010లో మనం 'మాయాబజార్'కు రంగులు వేసి విడుదల చేశాం. జనం వెళ్లి చూశారు, సంతోషమే. కాని నలుపు తెలుపుల మధ్య బార్‌ట్లీ ఎన్ని మెట్లు కట్టాడో రంగు కింద కనిపించదు. ఆయన వెన్నెలను ఆయన వేసినట్టుగా చూపించే డిస్కు కావాలి.

అది అసాధ్యమేమీ కాదు. ఇదే బొలోన్యా కేంద్రంలో అరవిందన్ మలయాళ చిత్రం 'కుమ్మాట్టి'ని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ భాగస్వామ్యంతో పునరుద్ధరించారు. అదే ఫౌండేషన్ 2024లో అక్కినేని శతజయంతికి ఆయన పాత చిత్రాలను దేశమంతా థియేటర్లలో వేయించింది. అంటే చూసే జనం ఉన్నారు, చేయగల చేతులూ ఉన్నాయి. ఉండాల్సింది నెగటివ్. కాలి బూడిదైన తునకల్ని కూడా ఇరవై ఏళ్లు దాచినవాళ్లు ఉండబట్టే అపూ మనకు మిగిలాడు. విజయా, వాహినీ, అన్నపూర్ణ, భరణి సంస్థల సినిమాల నెగటివ్‌లు, నకళ్లు, పాత ప్రింట్లు ఎవరి దగ్గర ఏ స్థితిలో ఉన్నా, పాడైపోయాయని ఎవరూ పారేయకూడదు. రేపటి సాంకేతికత దేన్ని బతికిస్తుందో ఇవాళ తేల్చేయడానికి మనమెవరం? ఈ పెట్టె కొనుక్కుని చూసిన తెలుగువాళ్లలో పదిమందైనా ఆ మాట నిర్మాతల వారసులను గట్టిగా అడిగితే, రాబోయే ఏదో ఒక జులై అమ్మకంలో బార్‌ట్లీ వెన్నెల కూడా అల్మారాలో దొరుకుతుంది.